ఖాలా పాలు

హుస్సేన్ బీ నోరు మూతపడటం ఆమె నిఖా రోజున కూడా ఎవరూ చూడలేదు. ఒప్పుకుంటున్నావా అని మూడుసార్లు అడుగుతారు, మూడోసారికి పిల్ల సన్నగా ఊఁ అనాలి. హుస్సేన్ బీ మొదటిసారికే, "ఒప్పుకున్న. బగారన్నం చల్లారుతున్నది, కానియ్యిన్రి" అన్నదట. అట్లాంటి మనిషి అరవై నాలుగో ఏట, ఒక మంగళవారం పొద్దున, తన గొర్రెల దొడ్డిలో, కూతురికంటే చిన్నదైన పశువుల డాక్టరు ముందు నిలబడి నోరు మూసుకున్నది. డాక్టరు హిమజ అన్నది పెద్ద మాటేమీ కాదు. "పాలల్ల కూడా పోతది పెద్దమ్మా" అన్నది, అంతే.

ఆ మాట ఆమె నోరు ఎందుకు మూయించిందో తెలియాలంటే ముందు ఖాలా సంగతి తెలియాలి.

ఉర్దూలో ఖాలా అంటే తల్లి తోబుట్టువు. ఈ ఖాలా మాత్రం గొర్రె. ఏడేళ్లది, మొహం మీద ఎర్రమచ్చ, కడవంత పొదుగు. హుస్సేన్ బీ మందలో ఏ గొర్రె ఈనినా సరే, పుట్టిన పిల్ల కన్నతల్లి చన్ను పట్టకముందు ఖాలా చన్ను పట్టాలి. రెండు గుక్కలు తాగాకే తల్లి దగ్గరికి. మందలో అన్నిటికంటే గట్టి గొర్రె పాలు మొదట కడుపులో పడితే పిల్లకు దమ్ము వస్తుందని హుస్సేన్ బీ తల్లి చెప్పేది, ఆమెకు ఆమె తల్లి చెప్పిందట. ఒక ఖాలా ముసలిదైతే ఇంకో గట్టి గొర్రె ఖాలా అవుతుంది. గొర్రె మారుతుంది, పేరు మారదు. ఇప్పుడున్న ఖాలా ఆ పేరు మోయబట్టి నాలుగేళ్లు.

ఇబ్రహీంపట్నం నుంచి కొంగరకలాన్ పోయే దిక్కున వాళ్ల దొడ్డి. ముప్పై నాలుగు గొర్రెలు. బక్రీదు వచ్చిందంటే తుక్కుగూడ నుంచి, నాదర్‌గుల్ నుంచి బండ్లేసుకుని వస్తారు. కుర్బానీ ఇచ్చే జీవంలో ఐబు, అంటే లోపం, ఉండొద్దు. కొమ్ము విరిగింది పనికిరాదు, చెవి తెగింది పనికిరాదు, కుంటిది, కన్ను పోయింది పనికిరాదు. సంతలో అయితే నోరు తెరిచి పండ్లు చూస్తారు, నడిపించి చూస్తారు, అయినా అనుమానమే. హుస్సేన్ బీ దొడ్డిలో ఎవరూ చెయ్యి కూడా పెట్టి చూడరు. "మా దాంట్ల ఐబు లేదు" అని ఆమె అంటే చాలు, తాడు పట్టుకుని తోలుకుపోతారు. ఒకసారి కొనేవాడు చూడని చిన్న చెవి గీతను తనే చూపించి, "ఇది కూరకు తీస్కపో, పండుగకు గాదు" అని వెనక్కి లాక్కున్నది. ఆ సంగతి ఆమె ఎంతమందికి చెప్పుకున్నదో లెక్కలేదు. చెప్పుకోవాల్సిందే, ఎందుకు చెప్పుకోవద్దు. చదువు లేదు, నగ లేదు, ఉన్నది ఆ మాటొక్కటే.

పోయిన ఏడాది నుంచి ఆ దొడ్డిలో ఏదో మొదలైంది. మేత బాగానే తింటున్న గొర్రె చిక్కిపోయేది. నాలుగు అడుగులు నడిస్తే పరుగెత్తినట్టు డొక్కలు ఎగరేసేది. ముక్కు తడి ఆరేది కాదు. చుట్టూ ప్లాట్లు చేస్తున్నారు, మట్టి లారీలు పొద్దుమాపూ తిరుగుతున్నాయి, దుమ్ముకే ఇట్ల అవుతున్నది అనుకున్నది హుస్సేన్ బీ. దుమ్ము రాకుండా దొడ్డి చుట్టూ టార్పాలిన్ కట్టి, దగ్గేవాటినీ దగ్గనివాటినీ ఒక్కచోట ముడేసి పడుకోబెట్టింది. రెండు గొర్రెలు పోయాయి. మూడోది పోయినప్పుడు హిమజ వచ్చి కోసి చూసింది. ఊపిరితిత్తులు కార్జం లెక్క గట్టిపడి, పట్టుకుంటే నురగ కారింది. ఒక ముక్క సీసాలో వేసుకుని పట్నంలో ల్యాబుకు పంపింది.

ఆ మంగళవారం రిపోర్టు పట్టుకుని వచ్చింది.

"దగ్గే గొర్రెను పట్టు పెద్దమ్మా. తల కిందికి, వెనక కాళ్లు పైకి ఎత్తాలె."

"గొర్రెనా, తోపుడు బండా?" అన్నది హుస్సేన్ బీ. అన్నదే గానీ ఎత్తింది. పట్టుకున్నది ఖాలానే. వెనక కాళ్లు నడుము దాకా లేపగానే రెండు ముక్కుల నుంచి నీళ్లు ధారగా కారాయి. నీళ్లంటే నీళ్లే, తేటగా, చాయ్ గ్లాసు నిండేటన్ని.

హుస్సేన్ బీ మొగుడు లాల్ మహమ్మద్ నులక మంచం మీద నుంచి లేచి వచ్చాడు. మెత్తటి మనిషి. తుక్కుగూడ అవతలి నుంచి ఒక రేకు పెట్టె పట్టుకుని ఈ ఇంటికి ఇల్లరికం వచ్చాడు, అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆ ఇంట్లో గొంతు పెంచింది లేదు. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. గొర్రెల ముచ్చట వస్తే మాత్రం ఇద్దరికీ తెలుగే వస్తుంది, గొర్రెలకు అదే అలవాటని.

"ఏం రోగమమ్మా ఇది?" అన్నాడు.

"ఊపిరితిత్తుల్లో గడ్డలు కడతయి బాపు. వైరస్ తోటి వస్తది. రెట్రోవైరస్ అంటరు. మందు లేదు."

"సూది?" అన్నది హుస్సేన్ బీ.

"సూది కూడా లేదు. ఎందుకు లేదో చెప్తే నవ్వుతవ్."

"నవ్వి చాన రోజులైంది. చెప్పు."

హిమజ దొడ్డి గోడ మీద కూర్చున్నది. తెలిసింది చెప్పాలన్న ఆత్రం ఉన్న పిల్ల. "లక్షల ఏండ్ల కింద, మనుషులు గొర్రెలను పెంచుడు మొదలుపెట్టక ముందే, ఇసొంటి వైరస్ ఒకటి గొర్రెల పూర్వీకుల ఒంట్లో చొరబడ్డది. చొరబడి పోలేదు. వాటి జన్యువుల్లోనే కూసున్నది. చెవుల పొడుగు, ఉన్ని రంగు తల్లి నుంచి పిల్లకు ఎట్లొస్తయో అట్ల ఇది కూడా వస్తున్నది. ప్రతి గొర్రెలో ఉన్నది. దాంతోని రోగం రాదు. పైగా అది లేకపోతే గొర్రెకు సూడి నిలబడదు. కడుపులో పిండం గర్భసంచికి అతుక్కోవాలన్నా, మాయ కట్టాలన్నా అది సాయం పట్టాలె."

"వైరస్సు సాయం పట్టుడా?"

"అవ్. ఇప్పుడు రోగం తెచ్చేది దాని చుట్టం. బయట తిరిగేది. మొహం మాత్రం లోపల ఉన్నదాని లెక్కనే ఉంటది. అందుకే గొర్రె ఒళ్లు దాన్ని చూసి, ఇది మనదే కదా అనుకుని ఊకుంటది. కొట్లాడదు. కొట్లాడితేనే కదా సూది పనిచేసేది. రక్తం తీసి చూసినా దొరకదు."

హుస్సేన్ బీ మొగుడి వైపు చూసింది. "అర్థమైంది. లోపలున్నోడు ఇల్లరికం అల్లుడు. ముందు దొంగలెక్క వచ్చిండు, ఉండంగ ఉండంగ ఇంటోడైండు, పిల్లలను ఎత్తుకుంటున్నడు. ఇప్పుడు వాని తమ్ముడు వచ్చిండు. అదే ముక్కు, అదే మీసం. మనోడే గదా అని కుక్క మొరగలే. వాడు ఇల్లు గుల్ల చేస్తున్నడు."

"నన్నెందుకు నడుమ తెస్తవ్?" అన్నాడు లాల్ మహమ్మద్. "నాకు తమ్ముడే లేడు."

"అందుకే ఇల్లింక నిలబడ్డది."

హిమజ పకపకా నవ్వింది. మనుషుల్లోనూ అంతేనని, ఆడదాని కడుపులో మాయ కట్టేది ఎప్పటిదో పాత వైరస్ వదిలిపోయిన జన్యువుతోనే అని చెప్పింది. ముగ్గురిని కన్న హుస్సేన్ బీకి అది నమ్మబుద్ధి కాలేదు, కొట్టిపారేయబుద్ధీ కాలేదు. అప్పుడు అడిగింది, ఏదో అడగాలని, "మరి వాని తమ్ముడు ఒకదాని నుంచి ఒకదానికి ఎట్ల ఎక్కుతడు?" అని.

"ముక్కు నీళ్ల తోటి, దగ్గు తోటి. గాలాడని దొడ్డిలో దగ్గర దగ్గర పండుకుంటే ఇంకా జల్ది. లేత పిల్లలకైతే పాలల్ల కూడా పోతది పెద్దమ్మా."

అదీ ఆ మాట.

హిమజ కాగితం తీసింది. "దీని పాలు ఎన్ని పిల్లలు తాగినయి?"

లాల్ మహమ్మద్ పెళ్లాం మొహం చూశాడు. ముప్పై నాలుగు గొర్రెల్లో ఖాలా పాలు తాగనివి నాలుగో ఐదో, అవి ఖాలా ఈడువి. తక్కినవన్నీ ఆ చన్ను పట్టినవే. పట్టించింది ఆమే, చేతులతో మూతి పట్టుకుని, బిస్మిల్లా అని.

"రెండు," అన్నది హుస్సేన్ బీ. "దాని సొంత పిల్లలు."

గొర్రెల విషయంలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. హిమజ రాసుకున్నది. మందనంతా కాళ్లెత్తి చూశారు. ఖాలాతో కలిపి నాలుగింటికి నీళ్లు కారాయి. ఆ నాలుగింటినీ వేరే కట్టమన్నది. మళ్లీ వచ్చినప్పుడు వాటిని చంపి గుంత తీసి పూడ్చాలన్నది. కారనివాటికి రోగం లేదని కాదు, లోపల పడి ఏడాదికో రెండేళ్లకో బయటపడొచ్చు, బయటి గొర్రెలతో కలపొద్దు అని చెప్పి స్కూటీ ఎక్కిపోయింది.

హుస్సేన్ బీ టార్పాలిన్ ఊడదీసింది. దుమ్ము వస్తే రానీ అనుకుని అక్కడే కూలబడ్డది. అక్కడి నుంచి చూస్తే ఒక పక్క వెంచరు వాళ్ల ప్రహరీ. ఇంకో పక్క రాతి కడీలు, ముళ్లతీగ. మూడో పక్క రోడ్డు కోసం ఇల్లెత్తు పోసిన మట్టి. నాలుగో పక్కన భూలక్ష్మి చేను. ఆ చేని గట్టు వెంట బండి పట్టేటంత బాట ఉంది. గొర్రెలు చెరువు శిఖంలో, నీళ్లు తగ్గి బయటపడ్డ నేల మీద, మేతకు పోవాలన్నా, మనిషి రోడ్డెక్కాలన్నా అదొక్కటే దారి. భూలక్ష్మి భూములున్న ఇంటి ఆడబిడ్డ. ఎనిమిదెకరాలు కరిగి మూడు మిగిలాయి, పన్నెండు గొర్రెలు పెట్టుకున్నది. ఆమె గొర్రె ఈనినా పిల్లను గోనెసంచిలో చుట్టుకుని ఆ బాటన ఖాలా దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. పాలు తాగించినందుకు హుస్సేన్ బీ ఎన్నడూ ఏమీ అడగలేదు. పొగిడితే చాలు, వద్దనేది కాదు.

నాలుగేళ్లలో ఆమె ఎన్ని పిల్లలు తెచ్చి ఉంటుంది? తొమ్మిది. పదేమో.

మధ్యాహ్నం అన్నం ముందు లాల్ మహమ్మద్ మెల్లగా మొదలుపెట్టాడు. "మనుషులకు అంటదు అన్నది గదా డాక్టరమ్మ. తింటే ఏం కాదన్నది."

"అన్నది."

"మరి పండుగకు అమ్మే పొట్టేళ్లకు నీళ్లు కారలే. కొమ్ములు మంచిగున్నయి, చెవులు మంచిగున్నయి. కనబడని ఐబు ఐబెట్లయితది?"

"నాకు కనబడ్డది గదా."

"నీకు కనబడితే ఏంది, తీసుకునేటోనికి కనబడాలె గని."

"వాడు నా కండ్ల తోటే చూస్తున్నడు, ముప్పై ఏండ్ల సంది. గుడ్డోన్ని చేసి అమ్మాల్నా?"

మరి డాక్టరుకు రెండని ఎందుకు చెప్పినవ్ అని లాల్ మహమ్మద్ అడగలేదు. అడిగితే బాగుండేది, తిట్టి తేలికపడేది. మెత్తటి మనుషులతో ఇదే బాధ, గోడకు కొట్టుకున్నట్టు కూడా ఉండదు.

ఆమెకు నిజం చెప్పడమంటే భయం కాదు. చెబితే ఏమవుతుందో కళ్లకు కట్టినట్టు కనబడుతున్నది. హుస్సేన్ బీ దొడ్డిలో రోగం వచ్చింది అంటే పరవాలేదు, రోగం ఎవరి దొడ్డిలో రాదు. హుస్సేన్ బీ చేతులతో తాగించి మందంతటికీ అంటించింది, పక్కవాళ్ల మందకూ అంటించింది అనడం వేరు. ఆ మాట ఆమె తల్లి దాకా పోతుంది, తల్లి తల్లి దాకా పోతుంది. దమ్ము కోసం పెట్టిన పద్ధతి. గట్టి గొర్రెనే కదా ఎంచింది. ఖాలా ఒళ్లే దాన్ని పోల్చుకోలేదు, మనదే అనుకుని ఊరుకుంది. మరి తనేం పోల్చుకుంటుంది? అనుకుంటుంది, మళ్లీ ఆ సాకు మీద తనకే రోత పుడుతుంది. గొర్రెకు తెలియలేదంటే గొర్రె. తనకు మంగళవారం పది గంటల నుంచి తెలుసు.

గురువారం తుక్కుగూడ నుంచి మొయిజ్ వచ్చాడు. ఏటా రెండు పొట్టేళ్లు ఇక్కడి నుంచే తీసుకుపోయే మనిషి. ఏడాది దాటి రెండు పెద్ద పండ్లు వచ్చిన పొట్టేళ్లను దూరం నుంచే చూసి, "గవి రెండు నావి చాచీ" అన్నాడు. తర్వాత నిలబడ్డాడు. ఆమె ఎప్పుడూ అనే మాట కోసం.

ఆమె అనలేదు. ఖాలా అవతల గుంజకు కట్టి ఉంది, దగ్గింది.

"ఏంది చాచీ, గొంతు పోయిందా? మా దాంట్ల ఐబు లేదు అనవా? అది వినకుంటే నాకు పండుగ వచ్చినట్టే ఉండదు."

"శనివారం రా," అన్నది. "అప్పుడు అంట."

"మంచి రోజు చూసి అంటవా?" అని నవ్వుకుంటూ పోయాడు. ఆ నవ్వు బాట చివరి దాకా వినబడింది. రమ్మన్నదీ ఆమే, శనివారం ఏమనాలో తెలియనిదీ ఆమే.

శుక్రవారం పొద్దున ఆమె దాణా కలుపుతుంటే బాట వెంట భూలక్ష్మి వస్తూ కనబడ్డది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, చంకలో గోనెసంచి, సంచిలోంచి తడి తల. అరగంట కింద పుట్టిన పిల్ల. నాదర్‌గుల్‌లో నడపడం నేర్చుకునేవాళ్ల చిన్న విమానమొకటి నెత్తిమీద గిరికీలు కొడుతున్నది, ఆ మోతలోనే అరుస్తూ వచ్చింది.

"అక్కా, జల్ది. మొగపిల్ల. లేసి నిలబడ్డది గూడ. ఖాలా ఏది? అక్కడెందుకు కట్టినవ్, ఏమన్న తప్పు చేసిందా?"

"పాలు లేవు దానికి," అన్నది హుస్సేన్ బీ.

భూలక్ష్మి ఖాలా పొదుగు చూసింది. కడవలాగే ఉంది. "పాలు లేవా? మరి గది ఏంది, నీళ్ల క్యానా?"

"లేవంటే లేవు. మీ గొర్రె పాలే తాపు పో."

"ఏందక్క గట్ల మాట్లాడతవ్? నేనేం చేసిన? మొన్న మా ఆయన మీ మట్టి తీసిండని కోపమా? వాన్ని తిట్టు, పిల్లకేం తెలుసు?" అంటూనే తడక తీసి లోపలికి వచ్చింది, ఖాలా వైపు నడిచింది. ఆ దొడ్డిలో ఆమెకు అంత చనువు. పిల్లను దించింది. పిల్ల వణుకుతూ, మూతి చాపుకుంటూ, పాల వాసనకు పొదుగు కిందికి పోయింది.

హుస్సేన్ బీ దాణా తట్ట పడేసి పోయి పిల్లను నడుము పట్టి గుంజింది. గుంజిన తీరుకు అది కీచుమన్నది. భూలక్ష్మి బిత్తరపోయి చూసింది.

"దాంట్ల ఐబు ఉన్నది," అన్నది హుస్సేన్ బీ.

"దేంట్ల?"

"ఖాలాల. పాలల్ల. ఊపిరితిత్తుల రోగం. మందు లేదు, సూది లేదు. దీని పాలు తాగినవాటికి వస్తది. ఇయ్యాల కాకుంటే ఏడాదికి. నావన్నీ తాగినయి. నీవి గూడ తాగినయి. తాపింది నేను."

భూలక్ష్మి పిల్లను లాక్కుని చంకలో పెట్టుకున్నది. "ఎప్పుడెరుక నీకు?"

"మంగళవారం."

"ఇయ్యాల శుక్రవారం."

"నాకు దినాలు ఎరికే."

"నిన్న కలిసి మేపినం గదక్కా. శిఖంల. నా పక్కన కూసోని పాన్ నమిలినవ్, ఊరోళ్లందరినీ కడిగి ఆరేసినవ్. ఈ ఒక్క మాట రాలే నోట్లకెళ్లి?"

"రాలే."

ఆమె తిడితే ఎట్లా జవాబు చెప్పాలో హుస్సేన్ బీ దగ్గర సిద్ధంగా ఉంది. భూలక్ష్మి తిట్టలేదు. "నాలుగేండ్లు సంకలేసుకొని తెచ్చిన," అన్నది, ఎవరికో చెబుతున్నట్టు. "నేనే తెచ్చిన." గోనెసంచి అక్కడే మరిచిపోయి, పిల్లను చీర కొంగులో చుట్టుకుని బాటన పోయింది. ఈసారి పరుగెత్తలేదు.

హుస్సేన్ బీ మొగుడి చేతిలో నుంచి ఫోను తీసుకున్నది. ముందు హిమజకు చేయించింది. "రెండన్న గదా, రెండు గాదు. ముసలివి ఐదు తప్ప అన్నీ. పక్క మందల పది. రాసుకో." హిమజ అవతల ఏదో అడుగుతుంటే, "వచ్చినంక తిట్టు, ఫోన్ల వద్దు" అని పెట్టేసింది. తర్వాత మొయిజ్‌కు.

"చాచీ, శనివారం అంటివి, ఇయ్యాలనే చేసినవ్. మంచి రోజు దొరికిందా?"

"మా దాంట్ల ఐబు ఉన్నది," అన్నది హుస్సేన్ బీ. "వేరే చూసుకో. వచ్చే ఏడు గూడ రాకు."

అతను అయ్యో అనలేదు, ఫరవాలేదనలేదు. "మరి ఎవరి దగ్గర తీసుకోవాలె చాచీ, నువ్వే చెప్పు" అన్నాడు. ఆమె ఫోను మొగుడి ఒళ్లో పడేసింది.

శనివారం తెల్లారి మందను తోలుకుపోయే వేళకు బాట మీద చప్పుడైంది. సర్కారు తుమ్మ కంప ఈడుస్తున్న చప్పుడు. భూలక్ష్మి తన గట్టు దగ్గర బాటకు అడ్డంగా కంప వేస్తున్నది. చేతులు గీరుకుపోయి ఉన్నాయి, తెల్లారకముందే మొదలుపెట్టినట్టుంది. మనిషి ఒరిగి పోవడానికి పక్కన సందు వదిలింది, గొర్రె పోవడానికి వదలలేదు. హుస్సేన్ బీ కంపకు ఇవతల వచ్చి నిలబడ్డది. డాక్టరు చెప్పింది అదే, కలపొద్దని. చెప్పింది తనకు. చేస్తున్నది ఈమె.

"రాత్రి కాళ్లు లేపి చూసిన, ఫోన్ల డాక్టరమ్మను అడిగి," అన్నది భూలక్ష్మి తలెత్తకుండా. "రెండు కారినయి."

హుస్సేన్ బీ ముందుకు వంగి కంపను చూసింది.

"నీ దిక్కు కింద బొంద ఉన్నది. పిల్లలు దూరుతయి," అన్నది భూలక్ష్మి.

"కనబడుతున్నది."

"కనబడితే పుయ్యి మరి."

హుస్సేన్ బీ తన దొడ్డి అంచున పడి ఉన్న రెండు కంప మండలు ఈడ్చుకొచ్చింది. చెప్పు కాలితో ఒత్తి ఆ బొందలో కుక్కింది. ఒక ముల్లు అరచేతిలో దిగింది, పీకి పారేసి ఇంకో మండ తెచ్చింది. కంపకు అటొకరు ఇటొకరు, మాట్లాడకుండా, కింది నుంచి పైదాకా పూడ్చారు.

"పొద్దుమూకి కంప మీదికెళ్లి గడ్డి ఏస్త," అన్నది భూలక్ష్మి. "నీ మొహం చూసి గాదు. అవి ఆకలికి అరిస్తే నాకు నిద్ర పట్టదు."

"ఎయ్యి. తడి గడ్డి ఎయ్యకు, కడుపులుబ్బుతయి."

"ఇంకా నాకే నేర్పు."

ఆమె చేతులు దులుపుకుని చేలోకి పోయింది. హుస్సేన్ బీ వెనక్కి తిరిగింది. ముప్పై గొర్రెలు ఆమె వెనకాలే బారు కట్టి నిలబడి ఉన్నాయి, తలలు కంప వైపే పెట్టి, రోజూ ఈ వేళకు తెరుచుకునే దారి ఇంకా ఎందుకు తెరుచుకోలేదో అని చూస్తూ.